స్టాలిన్ చెవి, లాటరీ ఇల్లు

మా బాబాయ్ మొదటిసారి బెర్లిన్ వచ్చినప్పుడు గోడ చూపించమని అడగలేదు. బ్రాండెన్‌బుర్గ్ గేటూ అడగలేదు. "ఇక్కడెక్కడో స్టాలిన్ చెవి ఉందటగా, అది చూపించమ్మాయ్" అన్నాడు.

ఖమ్మం దగ్గర పల్లెలో ముప్ఫై ఏళ్ళు తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. ఇంట్లో అద్దాల బీరువా నిండా మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, విశాలాంధ్ర కొట్లో కొన్నవి. మా వైపు స్టాలిన్ అనే పేరు వింతేమీ కాదు. మా ఊళ్ళో స్టాలిన్ అంటే బోరు మోటార్లకి వైండింగ్ చేసే స్టాలిన్. చిన్నప్పుడు పాఠాల్లో రష్యా స్టాలిన్ పేరు వస్తే, ఆయన కూడా మోటార్లు బాగుచేసేవాడేమో అనుకునేదాన్ని.

చెవి ఉన్నది కార్ల్ మార్క్స్ అలే మీద, కఫే జిబిలె అనే కాఫీ హోటల్లో. అలే అంటే చెట్ల వరసలున్న పెద్ద వీధి. అలెగ్జాండర్‌ప్లాట్స్ నుంచి తూర్పుగా ఫ్రాంక్‌ఫుర్టర్ టోర్ దాకా సుమారు రెండున్నర కిలోమీటర్లు, వెడల్పు దాదాపు 90 మీటర్లు. ఒక పక్క నుంచి రెండో పక్కకి ఒకే పచ్చలైటులో దాటాలంటే నడుము నొప్పి లేనివాళ్ళే దాటాలి. బాబాయ్ మధ్యలో ఆగిపోయాడు. అక్కడ నిలబడి రెండువైపులా చూసి, "ఇది వీధా, విమానాలు దిగే చోటా?" అన్నాడు.

చెవి గాజుపెట్టెలో ఉంది. కంచు చెవి, జానెడు ఉంటుందేమో. పక్కనే మీసంలో ఒక ముక్క. అంతే. బాబాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఏమంటాడా అని నేను ఎదురుచూశాను. "మీసం మన వైండింగ్ స్టాలిన్‌దే బాగుంటుంది" అన్నాడు.

ఆ చెవి వెనక కథ చిన్నదే. 1949 డిసెంబర్ 21న, స్టాలిన్ 70వ పుట్టినరోజున, ఫ్రాంక్‌ఫుర్టర్ అలే, గ్రోసె ఫ్రాంక్‌ఫుర్టర్ ష్ట్రాసె అనే రెండు పాత వీధుల్ని కలిపి స్టాలిన్ అలే అని పేరు మార్చారు. 1951 ఆగస్టులో 4.80 మీటర్ల కంచు విగ్రహం నిలబెట్టారు. చేసిన శిల్పి నికొలాయ్ తోమ్‌స్కీ. పదేళ్ళు గడిచాక, మాస్కోలోనే స్టాలిన్ పేరు చెల్లని రోజులొచ్చాక, 1961 నవంబర్ 13 రాత్రి తెల్లవారేలోపు విగ్రహాన్ని దించేశారు. పేరు పలకలు కూడా అదే రాత్రి మారాయి. విగ్రహాన్ని ముక్కలు చేసిన పనివాళ్ళలో ఒకడు చెవినీ మీసం ముక్కనీ దాచుకున్నాడు. మిగిలిన కంచు కరిగించి జూలో జంతువుల బొమ్మలకి వాడారని జనం చెప్పుకుంటారు. తోమ్‌స్కీ అదృష్టం చూడండి, ఈ వీధికి దగ్గర్లోనే ఆయన చేసిన 19 మీటర్ల గ్రానైట్ లెనిన్ ఉండేది. దాన్ని 1991లో విప్పి అడవిలో పాతిపెట్టారు. 2015లో తల మాత్రం తవ్వి తీసి ష్పాండౌ కోటలో పెట్టారు. స్టాలిన్ చెవి ఒకచోట, లెనిన్ తల ఇంకోచోట.

ఈ వీధి గురించి చెప్పమంటే అందరూ ఇక్కడే మొదలుపెడతారు. చెవి, పేరు, విగ్రహం. నేనూ అక్కడే మొదలుపెట్టాను కదా. కానీ బాబాయ్‌తో ఆ మధ్యాహ్నమంతా నడిచాక, ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఇల్లు వెతుక్కుంటూ నేను పడ్డ అవస్థ తర్వాత, పేరు పలకల చరిత్ర ఈ వీధి అసలు చరిత్ర కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఈ వీధిలో జరిగిందంతా ఒకే ప్రశ్న చుట్టూ జరిగింది. ఇక్కడి ఇల్లు ఎవరికి వస్తుంది?

*

యుద్ధం అయ్యేసరికి ఇక్కడ ఇటుకల గుట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. అమెరికన్ బాంబులు పైనుంచి, సోవియట్ సైన్యం తూర్పు నుంచి సరిగ్గా ఈ దారినే. నేల కింద మెట్రో మాత్రం బతికింది. అది 1930 డిసెంబర్ 21న మొదలైంది. స్టాలిన్ పుట్టినరోజు తారీఖే, కానీ అప్పుడు బెర్లిన్‌లో ఎవరికీ ఆ ఆలోచన వచ్చి ఉండదు.

మొదట కట్టిన ఇళ్ళు ఎవరి కంటా పడవు. నేనే ఏడాదిపాటు పక్కనుంచి నడిచి వెళ్ళాను, చూడలేదు. లుడ్‌మిలా హెర్ట్‌సెన్‌ష్టైన్ అనే ఆర్కిటెక్ట్ 1949-50లో రెండు బిల్డింగులు గీసింది. ఐదంతస్తులు, ముందు పొడుగాటి వరండా, వరండాలోంచే ఒక్కో ఇంటికీ తలుపు. మనకి బాగా తెలిసిన అమరికే, పాత లైను ఇళ్ళని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. సాదాగా, తెల్లగా, ఎండ బాగా పడేలా. అవి పూర్తయ్యేసరికి గాలి మారిపోయింది. 1950లో తూర్పు జర్మనీ మంత్రి లోథార్ బోల్ట్స్ వెంట ఒక బృందం మాస్కో వెళ్ళొచ్చింది. నగరం ఎలా కట్టాలో పదహారు సూత్రాలు రాసుకొచ్చింది. అందులో వరండాలకి చోటు లేదు. కార్మికుడికి మేడ కావాలి, స్తంభాలు కావాలి, జాతి గర్వపడే అందం కావాలి. మరి కట్టేసిన సాదా ఇళ్ళనేం చేయాలి? ముందు పోప్లర్ చెట్లు నాటారు. తొందరగా ఎదిగే చెట్లు. అత్తగారు వస్తుందని విరిగిన కుర్చీ మీద దుప్పటి కప్పినట్టు.

ఆ చెట్ల కింద బాబాయ్ చాలాసేపు నిలబడ్డాడు. వెనక వరండాలో ఒకామె బట్టలారేస్తోంది. "వీటికేమైంది, బానే ఉన్నాయిగా?" అన్నాడు. నాకూ అంతే అనిపించింది.

ఇక మేడలు. హెర్మాన్ హెన్‌జెల్‌మాన్ అనే ఆర్కిటెక్ట్ పేరు ఇక్కడ ప్రతి మలుపులో వినిపిస్తుంది. ఆయన మొదట ఆధునికుడే, సాదా గీతలవాడే. 1951 జూలైలో పార్టీ పత్రిక సంపాదకుడు రుడోల్ఫ్ హెర్న్‌ష్టాట్ ఆయన డిజైన్లని పేజీకెక్కించి ఉతికి ఆరేశాడు. హెన్‌జెల్‌మాన్ కొద్ది రోజుల్లోనే కొత్త బొమ్మ గీసిచ్చాడు. అదే వేబర్‌వీజె దగ్గరున్న తొమ్మిదంతస్తుల భవనం. పాత ప్రష్యా పోకడలు, పింగాణీ పలకలు, ద్వారం మీద నాటకకర్త బ్రెష్ట్ మాటలు. లిఫ్టు, సెంట్రల్ హీటింగు, టెలిఫోను. ద్వారం దగ్గర నల్ల పాలరాయి హిట్లర్ మంత్రి గోరింగ్ వేటబంగళా నుంచి తెచ్చిందని చెబుతారు. 1952 మే 1న జనం అందులోకి దిగారు. హెన్‌జెల్‌మాన్‌ని వెన్నెముక లేనివాడని తిట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను తిట్టను. పై ఆఫీసరు ఎర్రగీతలు పెట్టి పంపితే రాత్రికి రాత్రి స్లైడ్లు మార్చిన అనుభవం నాకూ ఉంది. కాకపోతే నా స్లైడ్లు చూడ్డానికి ఎవరూ టిక్కెట్టు కొనుక్కుని రారు.

ఆ భవనం తర్వాత వీధంతా అదే పద్ధతి. ష్ట్రౌస్‌బెర్గర్ ప్లాట్స్ దగ్గర ద్వారపాలకుల్లా రెండు భవనాలు, ఫ్రాంక్‌ఫుర్టర్ టోర్ దగ్గర గోపురాలతో రెండు బురుజులు, మధ్యలో వందల మీటర్ల పొడవున్న బారు భవనాలు. రిచర్డ్ పౌలిక్, ఎగోన్ హార్ట్‌మాన్, హన్స్ హోప్, కుర్ట్ లోయిష్ట్, కార్ల్ సౌరాడ్నీ అని తలా కొన్ని బ్లాకులు పంచుకున్నారు. 1952 ఫిబ్రవరి 3న ప్రధాని ఒట్టో గ్రోటెవోల్ శంకుస్థాపన చేశాడు. 1953 జనవరికల్లా జనం కొత్త ఇళ్ళలోకి రావడం మొదలైంది. సిమెంటుకి, ఇనుముకి దిక్కులేని దేశం ఇంత వేగంగా ఎలా కట్టింది?

ఇక్కడే లాటరీ వస్తుంది.

జనాన్ని స్వచ్ఛందంగా పనికి రమ్మన్నారు. ఆఫీసు అయ్యాక, ఆదివారాలు, మూడేసి గంటల అరషిఫ్టులు. గుట్టల్లోంచి ఇటుకలు ఏరి, సుత్తితో పాత సున్నం గీకి, వరసలు పేర్చడం. చేసిన ప్రతి అరషిఫ్టుకీ కార్డు మీద ఒక స్టాంపు. నిర్ణీత సంఖ్యలో స్టాంపులు పడితే లాటరీలో పేరు. లాటరీలో పేరొస్తే స్టాలిన్ అలేలో ఇల్లు. అద్దె చదరపు మీటరుకి 90 ఫెనిగ్‌లు. నూరు ఫెనిగ్‌లైతే ఒక మార్కు. బొగ్గు మోయక్కర్లేదు, గోడలోంచి వేడి వస్తుంది, కుళాయి తిప్పితే వేడినీళ్ళు. తూర్పు బెర్లిన్ పాత ఇళ్ళలో 1990ల దాకా కూడా బొగ్గు పొయ్యిలే దిక్కైన చోట్లు ఎన్నో ఉన్నాయి. అలాంటప్పుడు 1953లో ఇది ఎంత మాట! మా మెట్ల మీద కలిసే ఒక ముసలావిడ చిన్నప్పుడు ఈ వీధిలో ఉన్న స్నేహితురాలింటికి స్నానానికి వెళ్ళేదట. ఆటకని చెప్పి వెళ్ళి స్నానం చేసొచ్చేదాన్ని అంటుంది.

బాబాయ్‌కి ఇది చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగింది. "చూశావా మరి! పనిచేసినవాడికే ఇల్లు. ఇంతకన్నా న్యాయం ఏముంది?"

"అందరూ పనిచేశారు బాబాయ్. ఇల్లు వచ్చింది కొందరికి."

"మొదలుపెట్టాలిగా ఎక్కడో ఒకచోట."

ఆ మాటలో బలం లేదనను. కానీ దానికి జవాబు ఆ మేడలు కట్టిన మేస్త్రీలే చెప్పారు.

1953 మే 28న ప్రభుత్వం పని కొలతని 10 శాతం పెంచింది. అంటే ఉదాహరణకి, ఇన్నాళ్ళూ రోజుకి వెయ్యి ఇటుకలు పేరిస్తే వచ్చే కూలికి ఇకమీదట 1100 పేర్చాలి. వెయ్యి దగ్గర ఆగిపోయినవాడికి కూలి కోత. జూన్ 9న పార్టీ పెద్దలు తప్పులు చేశామని ఒప్పుకుని ధరల విషయంలో వెనక్కి తగ్గారు. షాపులవాళ్ళకి, రైతులకి కొన్ని సడలింపులిచ్చారు. పని కొలత మాత్రం తగ్గించలేదు. జూన్ 16 పొద్దున పనివాళ్ళ సంఘం పత్రికే ఆ పెంపుని సమర్థిస్తూ రాసింది. మన యూనియన్ పేపరే మన కూలి కోతని మెచ్చుకుంటే ఒళ్ళు మండదా? స్టాలిన్ అలే 40వ బ్లాకు మేస్త్రీలు తాపీలు కింద పడేసి, బ్యానరు పట్టుకుని మంత్రుల కార్యాలయానికి నడిచారు. దారి పొడుగునా జనం కలిశారు. కార్యాలయం ముందు ఫ్రిట్స్ జెల్‌బ్మాన్ అనే మంత్రి బల్ల ఎక్కి నచ్చజెప్పబోయాడు, ఎవరూ వినలేదు. సాయంత్రానికి పెంపుని వెనక్కి తీసుకున్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది. మర్నాడు జూన్ 17న దేశవ్యాప్తంగా 700 చోట్ల దాదాపు పది లక్షలమంది రోడ్ల మీదకి వచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంటకి సోవియట్ కమాండరు అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. ట్యాంకులు దిగాయి. కనీసం 55 మంది చనిపోయారు. పశ్చిమ బెర్లిన్ వెంటనే తన పెద్ద వీధికి జూన్ 17 వీధి అని పేరు పెట్టుకుంది. తూర్పున స్టాలిన్ వీధి, పడమరన స్టాలిన్ వీధి మేస్త్రీల తిరుగుబాటు వీధి. పేర్లతో యుద్ధం చేయడంలో రెండువైపులా ఎవరూ తక్కువ తినలేదు.

హెన్‌జెల్‌మాన్‌ని ఉతికిన సంపాదకుడు హెర్న్‌ష్టాట్ కూడా ఆ తిరుగుబాటు తర్వాత పదవి పోగొట్టుకున్నాడు. హెన్‌జెల్‌మాన్ మాత్రం కట్టుకుంటూ పోయాడు.

నేను చెప్పేది ఇదీ. ఈ మేడల్ని మెచ్చేవాళ్ళూ, వెక్కిరించేవాళ్ళూ ఇద్దరూ గోడనే చూస్తారు. వెక్కిరించేవాళ్ళు దీన్ని కేకు మీద క్రీము పూసిన శైలి అంటారు, నియంత డాబు అంటారు. మెచ్చేవాళ్ళు యూరప్‌లో ఇలాంటి వీధి ఇంకోటి లేదంటారు. మన భాషలో పైన పటారం లోన లొటారం అని ఒక మాట ఉంది. వెక్కిరించేవాళ్ళు ఇది అలాంటిదే అనుకుంటారు. కానీ ఇక్కడ తిరగబడింది. లోపల ఇళ్ళు దిట్టంగా ఉన్నాయి, ఎత్తైన సీలింగులు, మందపాటి గోడలు. పైన పటారమే ఊడిపడింది. మైసెన్ నుంచి తెచ్చిన పింగాణీ పలకలు ఏళ్ళు గడిచేకొద్దీ రాలడం మొదలైంది. ఇప్పుడు దగ్గరికెళ్ళి చూస్తే తెలుస్తుంది. పాత పలక మీద సన్నటి జుట్టులాంటి పగుళ్ళు, కాస్త పసుపు తిరిగిన రంగు. పక్కనే 1990ల రిపేరులో అతికించిన కొత్త పలక, నున్నగా, పెట్టుడు పన్నులా. బాబాయ్ వేలితో తట్టి చూశాడు. పాతది ఖంగుమంది.

తప్పు గోడలో లేదు. ఇల్లుని బహుమతి చేయడంలో ఉంది. బహుమతి అన్నాక అది మెరవాలి. మెరవాలంటే ఖర్చవుతుంది. ఖర్చయితే కొన్నే కట్టగలం. కొన్నే ఉంటే మిగిలినవాళ్ళు గుట్టల మధ్య వాటిని చూస్తూ, స్టాంపులు అతికించుకుంటూ నిలబడాలి. మన దగ్గర డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళకి డ్రా తీసిన రోజు టీవీలో చూశాను. పేరొచ్చిన ఆవిడ ఏడుస్తోంది, రానావిడా ఏడుస్తోంది. ఇంటిని అలా పంచినచోట జెండా ఏ రంగుదైనా ఆ రెండు ఏడుపులు తప్పవు.

*

1954 డిసెంబర్లో క్రుష్చోవ్ మాస్కోలో బిల్డర్ల సభలో స్తంభాల సోకుల్ని తిట్టిపోశాడు. చౌకగా, ఫ్యాక్టరీ పద్ధతిలో, తొందరగా కట్టమన్నాడు. దాంతో మేడల కాలం అయిపోయింది. అందుకే ఈ వీధి రెండు ముక్కలుగా ఉంటుంది. ష్ట్రౌస్‌బెర్గర్ ప్లాట్స్ నుంచి తూర్పుకి మేడలు, పడమరకి 1959-65 మధ్య కట్టిన కాంక్రీటు పలకల అపార్ట్‌మెంట్లు. వాటి మధ్య మధ్య ఖాళీ జాగాలు, గడ్డి, చెట్లు. టూరిస్టు బస్సులు తూర్పు ముక్కలో నెమ్మదిగా వెళ్ళి, పడమర ముక్కలో వేగం పెంచుతాయి.

నా ఓటు మాత్రం పడమర ముక్కకే. ఇది చెప్తే బెర్లిన్‌లో నా స్నేహితులు నవ్వుతారు. కానీ ఒకసారి సాయంత్రం కీనో ఇంటర్నాషనాల్ ముందు నిలబడి చూడండి. యోసెఫ్ కైజర్ కట్టిన సినిమా హాలు, 1963లో తెరిచారు. పై అంతస్తు గాల్లోకి చొచ్చుకొచ్చినట్టుంటుంది, అద్దాల వెనక దీపాలు, ముందు చేత్తో గీసిన పెద్ద సినిమా బొమ్మ. చేత్తో గీసిన పోస్టరు చూడగానే నాకు మా టౌను టాకీసు గుర్తొస్తుంది. ఎదురుగా కఫే మోస్కౌ, పైన స్పుత్నిక్ నమూనా. స్తంభాల్లేవు, సింహాసనాల్లేవు. వెనకున్న పలకల ఇళ్ళు చూడ్డానికి అగ్గిపెట్టెలే. కానీ ఆ అగ్గిపెట్టెల పద్ధతే తర్వాత తూర్పు జర్మనీలో లక్షలమందికి వేడినీళ్ళు తెచ్చింది. 1973లో హోనెకర్ ప్రభుత్వం 1990 కల్లా ఇళ్ళ సమస్య తీర్చేస్తామంది. తీరలేదు, ఈలోపు దేశమే లేకుండా పోయింది. అయినా మార్త్‌సాన్ లాంటి కాలనీలు లేచాయి. ఒక్క మేడ ఖర్చుతో ఎన్నో అగ్గిపెట్టెలు. ఫోటోలకి పనికిరావు, అంతే.

అలాగని ఈ ముక్కని పొగిడి వదిలేయలేను. కవాతులు జరిగింది ఇటువైపే. ట్యాంకులు, రాకెట్లు, చెయ్యూపే పెద్దలు. 1989 అక్టోబర్ 7న దేశం నలభయ్యో పుట్టినరోజుకి గోర్బచోవ్‌ని పక్కన నిలబెట్టుకుని చివరి కవాతు చేశారు. సరిగ్గా 33 రోజులకి గోడ తెరుచుకుంది. 90 మీటర్ల వెడల్పు ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. జనం నడవడానికి అంత వెడల్పు అక్కర్లేదు. ఈమధ్య నడిమి పట్టీలోంచి కార్ల పార్కింగు తీసేసి పచ్చిక వేశారు, సైకిళ్ళకి వెడల్పు దారి ఇచ్చారు. దానికీ పెద్ద గొడవే అయింది. పార్కింగు పోయిందని ఏడ్చినవాళ్ళలో మార్క్స్ పేరు మీద అభ్యంతరమున్నవాళ్ళు, లేనివాళ్ళు ఇద్దరూ ఉన్నారు.

మార్క్స్ పేరు మాత్రం నిలిచింది. లెనిన్ చౌరస్తా 1992లో ఐక్యరాజ్య సమితి చౌరస్తా అయింది, కమ్యూనిస్టు నాయకురాలు క్లారా జెట్కిన్ పేరున్న వీధి 1995లో పాత రాజవంశపు పేరుకి తిరిగింది. మార్క్స్‌ని కదపలేదు. బాబాయ్‌కి అదొక తృప్తి. నాకు అంత తృప్తిగా లేదు. ఎందుకంటే పేరు అలాగే ఉంచి ఇళ్ళు అమ్మేశారు.

గోడ కూలాక 1993లో ఈ మేడల్లో చాలా భాగం ప్రైవేటు పెట్టుబడిదారులకి వెళ్ళింది. వాళ్ళ తప్పని నేను ఒక్క ముక్కలో చెప్పలేను. ఊడిపోయే పలకలకి డబ్బు పెట్టే స్తోమత నగరానికి అప్పట్లో లేదు. రిపేర్లు బాగానే చేశారు, పెట్టుడు పళ్ళు సహా. కానీ ఒకసారి అమ్మినది మళ్ళీ అమ్ముడవుతుంది. 2018 చివర్లో ఈ వీధిలో 700 దాకా ఇళ్ళని డాయిచె వోనెన్ అనే కంపెనీ కొనబోతోందని తెలిసింది. అప్పటికే బెర్లిన్‌లో లక్షకి పైగా ఇళ్ళున్న కంపెనీ. కిటికీల్లోంచి ఎర్ర బ్యానర్లు వేలాడాయి. స్టాలిన్ పుట్టినరోజులకి ఎర్రజెండాలు కట్టిన కిటికీలే అవి. ఈసారి కట్టమని ఎవరూ ఆదేశించలేదు.

తర్వాత జరిగింది కాస్త చిక్కైన లెక్క, కానీ చెప్పి తీరాలి. ఈ ఇళ్ళని అంతకుముందే విడివిడి ఫ్లాట్లుగా విడగొట్టినందువల్ల, ఫ్లాటు అమ్మేటప్పుడు మొదట అందులో అద్దెకున్నవాడికి కొనే హక్కు ఉంది. అద్దెకున్నవాడి దగ్గర అంత డబ్బు ఎక్కడిది? అందుకని నగరం ఒక ఉపాయం ఆలోచించింది. మీ హక్కు మీరు వాడుకోండి, ఇల్లు నగరం కంపెనీకి అప్పజెప్పండి, మీరు అద్దెకే ఉండండి అంది. జనం వందల సంఖ్యలో సంతకాలు పెట్టారు. ఆఖరికి 2019 జూలైలో నగరం సొంత సంస్థ గెవోబాగ్ దాదాపు 670 ఇళ్ళు కొనేసింది. 1993లో చేతులు మారిన ఇళ్ళని 2019లో మళ్ళీ డబ్బు పోసి వెనక్కి తెచ్చుకున్నట్టయింది. మా తాత పొలం అమ్మి, నాన్న మళ్ళీ అదే పొలం కొన్నప్పుడు మా నానమ్మ అన్న మాట ఇక్కడ రాయడానికి బాగుండదు.

ఈ కొనుగోలుని తప్పుపట్టేవాళ్ళ వాదన వినదగ్గదే. అదే డబ్బుతో కొత్త ఇళ్ళు కట్టొచ్చు కదా, ఒక్క కొత్త ఇల్లు కూడా పెరగకుండా మంచి వీధిలో ఉన్నవాళ్ళనే కాపాడారు కదా అంటారు. నిజమే. ఇది మళ్ళీ అదృష్టవంతుల కథే. 1953లో స్టాంపులు అతికించి లాటరీలో గెలిచారు, 2019లో సరైన బ్లాకులో ఉండి గెలిచారు. అయినా నేను కొనుగోలు వైపే ఉంటాను. ముప్ఫై ఏళ్ళుగా ఒక మెట్లవరసలో ఉన్నవాళ్ళని అద్దె పెంచి బయటికి నెడితే, వాళ్ళకి ఇదే నగరంలో కట్టే కొత్త ఇల్లు అందుబాటులో ఉండదు. కొత్త ఇల్లు వేరు, ఆ ధరకి ఇల్లు వేరు. కానీ ఈ 670ని చూపించి సమస్య తీరిందని ఎవరైనా అంటే, వాళ్ళు కూడా పోప్లర్ చెట్లు నాటుతున్నట్టే లెక్క.

బెర్లిన్ జనం తర్వాత ఇంకా పెద్ద మాటే అన్నారు. 2021 సెప్టెంబర్ 26న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో, పెద్ద కంపెనీల ఇళ్ళని నగరం స్వాధీనం చేసుకోవాలని 59 శాతం, పది లక్షలకి పైగా జనం ఓటేశారు. ఏళ్ళు గడిచినా ఒక్క ఇల్లు చేతులు మారలేదు. కమిటీ వేశారు. మనకి తెలియని విద్యా అది!

*

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దవాళ్ళు బెర్లిన్‌లో అద్దె ఇల్లు వెతికి ఉండరు. ఇక్కడ ఇల్లు చూడ్డానికి వెళ్ళడం అంటే ఇంటర్వ్యూకి వెళ్ళడమే. మూడు నెలల జీతం స్లిప్పులు, అప్పుల చరిత్ర బాగుందని సర్టిఫికెట్టు, పాత ఇంటివాడి దగ్గర బాకీ లేదన్న కాగితం, పాస్‌పోర్టు నకలు. అన్నీ ఒక ఫైల్లో. పోయినేడు ఈ వీధిలోనే ఒక మేడలో నాలుగో అంతస్తు చూడ్డానికి వెళ్ళాను. మెట్ల మీద క్యూ కింద గుమ్మం దాకా ఉంది. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. నా ముందున్న జంట పసిబిడ్డని ఎత్తుకొచ్చారు, బిడ్డకి కూడా ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగారు. నేను లోపలికెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా, మందంగా ఉంది. కిటికీలోంచి వీధంతా కనిపిస్తోంది, దూరంగా టీవీ టవరు. ఐదు నిమిషాలూ అయిపోయాయి. రెండు వారాల తర్వాత రాదని మెయిలు.

బాబాయ్ ఊరెళ్ళిపోయాక కూడా ఆదివారం ఫోన్లో మొదటి మాట "ఇల్లు దొరికిందా?" అనే. దొరకలేదంటే "ఆ ముసలావిడ బాగుందా?" అని అడుగుతాడు.

పోయిన నెల ఇంకోచోట అప్లై చేశాను. రెండు గదులు, పలకల బిల్డింగు, నేను ఓటేసిన వైపే. మూడు రోజులకి జవాబొచ్చింది. దరఖాస్తులు చాలా ఎక్కువగా వచ్చినందువల్ల ఇల్లు చూడ్డానికి పిలవాల్సినవాళ్ళని కంప్యూటరు యాదృచ్ఛికంగా ఎంపిక చేసిందట, ఈసారి నా పేరు రాలేదట, తర్వాతి సారికి శుభాకాంక్షలట. ఫైలు చూడలేదు, జీతం చూడలేదు. డ్రా తీశారు. ఒక రకంగా మేలే అనిపించింది. కనీసం ఇస్త్రీ చొక్కా అక్కర్లేదు.

ఆ మెయిలుని తెలుగులో రాసి బాబాయ్‌కి వాట్సాప్ పెట్టాను. కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ఎక్కడో మోటారు చప్పుడు, వైండింగ్ స్టాలిన్ కొట్టు ముందు నిలబడి ఉన్నట్టున్నాడు.

"లాటరీయేనా మళ్ళీ? ఈసారి ఇటుకలెన్ని మొయ్యమంటారో కనుక్కోమ్మా."